మడి నీళ్లలో నీలం

తుర్సునలీ గుండిగ మీద పెద్ద పళ్లెం బోర్లించి, అంచు చుట్టూ తడిగుడ్డ చుట్టి, పొయ్యిలోంచి రెండు కట్టెలు వెనక్కి లాగి, పలావు దమ్ మీదికి వచ్చింది టీచరమ్మా, అది దిగేలోపు మీరు మన వెబ్‌సైట్ సంగతి తేల్చేయండి, రెండూ ఒకేసారి రుచి చూద్దాం అన్నాడు. తన మాటకు తనే నవ్వుకుని చొక్కా అంచుతో మెడ తుడుచుకున్నాడు. ఆ మెడ మీద చెమట, పొగ, గొర్రె కొవ్వు వాసన. ద్రాక్ష పందిరి కింద ఎత్తుగా వేసిన చెక్క అరుగు మీద నేను, నా ముందు పరిచిన గుడ్డ, దాని మీద రొట్టెలు, ఎండుద్రాక్ష, ఖుబానీ పళ్లు, వాటి మధ్య పలావు పళ్లెం ఉండాల్సిన చోట ఒక లాప్‌టాప్, అందులో గిరగిరా తిరుగుతున్న ఆకుపచ్చ చక్రం. వెబ్‌సైట్ తెరుచుకునేదాకా చూసేవాడికి విసుగు రాకూడదని ఆ చక్రాన్ని వరి కంకిని వంచినట్టు గీశారట. అది వరి కంకి కాదు, గోధుమ కంకి, ఆ నిటారు మీసాలు చూస్తేనే తెలుస్తోంది. ఉజ్‌గెన్ వరి రైతుల సంఘం గుమ్మంలో గోధుమ కంకి వేలాడుతోంది, పెళ్లికొడుకును మార్చేసి ఊరేగింపు బయల్దేరదీసినట్టు.

నా పని చూడటం. ఓష్ పట్నంలో కాలేజీ పిల్లలకు బొమ్మలు, రంగులు చెప్తాను, ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో, ఏది చస్తుందో ఇన్నేళ్లుగా చెప్పీ చెప్పీ నా కళ్లు ఒకరకంగా చెడిపోయాయి, పెళ్లికి వెళ్లినా పెళ్లికూతురి కంటే ముందు గోడకు వంకరగా తగిలించిన తివాచీయే కనపడుతుంది. ఆ చెడిపోయిన కళ్ల కోసమే వ్యవసాయ కార్యాలయం వాళ్లు నన్ను పిలిచారు. శరత్కాలపు సంతలో ఈ వెబ్‌సైట్‌ను తెరుస్తారు, మీరు సరే అంటేనే తెరుస్తారు, అందులో రాసింది నిజమా కాదా అన్నది మేం చూసుకుంటాం, చూపుకు ఎలా ఉందో మీరు చెప్తే చాలు అన్నారు. చూపుకే కదా, అదెంత పని, ఉజ్‌గెన్ ఎలాగూ నేను పుట్టిన ఊరు, చెల్లెల్నీ చూసినట్టు ఉంటుంది అనుకుని పొద్దున్నే బస్సెక్కాను. బస్సెక్కేటప్పుడు ఉన్న ఆ తేలిక బుద్ధిని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే చీదర పుడుతోంది.

తెరుచుకుంది. తెరుచుకోవడంతోనే ఎక్కడినుంచో దుతార్ వాయిద్యం మోగింది, ఎవరూ అడగలేదు, ఆపడానికి మీట కూడా లేదు. పైన కొండలు, మన కొండలు కావు, మరీ నీలంగా, మరీ కోసుగా, ఏ దేశపు చాక్లెట్ డబ్బా మీదివో. కొండల ముందు తుర్సునలీ, టై కట్టుకుని, చేతులు కట్టుకుని, ఛాతీ వరకే, అతని చుట్టూ కత్తిరించిన గీత తెల్లగా మిగిలిపోయింది, మంచులో కూరుకుపోయిన మనిషిలా ఉన్నాడు. కింద బంగారు రంగు అక్షరాలు, వాటికి నీడ, ఆ నీడకు ఇంకో నీడ. ఒక మూల బొమ్మ రైతు గడ్డి టోపీ ఊపుతున్నాడు, ఆ టోపీ మా దగ్గర ఏ తల మీదా లేదు, తుర్సునలీ తల మీద ఇప్పుడు ఉన్నది నల్ల టోపీ, మా నాన్న తల మీద ఉన్నదీ అదే. కిందికి జరిపితే కోత యంత్రం, ఎండిపోయిన గోధుమ చేలో దుమ్ము లేపుకుంటూ పోతోంది, దాని మీద ‘మా వరి కోత’ అని రాసి ఉంది. ఇంకా కిందికి జరిపితే వరి ఆకులు రాలుతున్నాయి, నిజంగానే తెర మీదుగా పైనుంచి కిందికి, ఒకదాని వెనక ఒకటి, వరి ఆకు అలా రాలదు నాయనా, నిలబడ్డ చోటే ఎండుతుంది. నేను ఎదురుగా కూర్చున్న దిల్‌మురోద్ వైపు చూశాను. ఇదంతా తయారు చేసింది అతనే, తుర్సునలీకి అక్క కొడుకు, ముప్పై దాటిన మనిషి, గడ్డం సన్నగా గీయించుకుని నా ముఖంలోకే చూస్తున్నాడు, అద్దంలోకి చూసుకున్నంత నమ్మకంగా. ఆకులు బాగున్నాయి కదా మేడం అన్నాడు. నేను టీ తాగాను. చల్లారిపోయిన టీ, అయినా నోట్లో ఏదో ఒకటి ఉంటే మాట బయటికి రాదు.

అన్నిటికంటే రోత ఆ బియ్యం. పేజీకి అడ్డంగా దోసిళ్లలోంచి జారుతున్న బియ్యం, తెల్లగా, పొడుగ్గా, పళ్లపొడి ప్రకటనలో పళ్లలా. మా బియ్యం తెలుపా? మా దేవ్‌జీరా రకం ఎర్రన, ఇటుక పొడి చల్లినట్టు ఉంటుంది, చేత్తో పిసికితే అరచేతికి ఆ ఎర్రదనం అంటుతుంది. ఏడాది నిలవ చేసి, నీటితో నడిచే రోకళ్లతో దంచి, ఆ ఎర్ర పొడి పోకుండా అమ్మితేనే కొనేవాడు నమ్ముతాడు. మా అమ్మ బియ్యం కొనడానికి వెళ్తే గుప్పెడు తీసి, ఊది, అరచేయి చూసుకునేది, అంటకపోతే కింద పోసి వచ్చేసేది, నేనూ నా చెల్లెలు షరోఫత్ ఆమె వెనకాల నిలబడి మా అరచేతులు కూడా చూసుకునేవాళ్లం, ఒకసారి షరోఫత్ ఆ పొడి బుగ్గలకు రాసుకుని పెళ్లికూతురినంది, అమ్మ బజారులోనే వీపు మీద ఒకటి ఇచ్చింది. అది గుర్తొచ్చి నవ్వు రాబోయి ఆగింది. ఈ తెల్లదనం ఏమిటని అడిగితే దిల్‌మురోద్, ఎర్రగా ఉంటే మురికి అనుకుంటారు మేడం, అందుకని ఉతికాను అన్నాడు. బియ్యాన్ని ఉతికాడట.

చెప్పేయొచ్చు. ఇది పనికిరాదు, ఎత్తి పక్కన పడేయండి, మళ్లీ మొదటినుంచి చేయండి అని ఒక్క మాట అనేసి సాయంత్రం బస్సుకు వెళ్లిపోవచ్చు, అలా ఎంతమంది పిల్లల బొమ్మలు చించి పారేయమన్నానో, ఎవరూ చచ్చిపోలేదు. కానీ వంటింటి గుమ్మంలో నీలి గౌను కదులుతోంది. షరోఫత్. ఏడాది తిరగని విధవ విందు జరిగే ఇంట అడుగు పెట్టకూడదు, అయినా తుర్సునలీ భార్య కబురు పెట్టింది, బియ్యం ఏరడానికి చేయి సాయం కావాలంది, షరోఫత్ వచ్చింది. రాకేం చేస్తుంది. తుర్సునలీ ఒట్టి సంఘం అధ్యక్షుడే కాదు, కాలవ నీళ్ల పంపకం చూసే మీరాబ్ కూడా అతనే, ఎవరి మడికి ఎప్పుడు తూము ఎత్తాలో అతని నోటి మాట. షరోఫత్ పొలం కాలవకు కొట్టకొసన ఉంది. ఈ ఏడు కొండల మీద మంచు తక్కువ, కాలవ సగమే పారుతోంది, చివరి పొలాలకు వంతు తప్పింది. నేను బస్సు దిగి నేరుగా ఆ పొలానికే వెళ్లాను, పైరు పొట్ట మీద ఉంది, మడి నెర్రెలిచ్చింది, ఒక నెర్రెలో షరోఫత్ వేలు పెట్టి చూపించింది, వేలు రెండు కణుపుల వరకూ దిగింది. ఇప్పుడు నీళ్లు పడకపోతే కంకి వస్తుంది, గింజ రాదు అంది, వాతావరణం గురించి చెప్తున్నట్టు మామూలుగా అంది. వచ్చేటప్పుడు గుమ్మంలోనే నేను తుర్సునలీని అడిగాను, మా చెల్లెలి వంతు ఎప్పుడని. అతను నా భుజం దాటించి కాలవ వైపు చూస్తూ, భోజనాలయ్యాక మాట్లాడుకుందాం టీచరమ్మా, ముందు మన శుభకార్యం కానివ్వండి, మీరు మాకు కావలసినవాళ్లయితే మీ చెల్లెలు మాకు కాకుండా పోతుందా అన్నాడు. బెదిరించినట్టు లేదు, ముద్దుగానే అన్నాడు, అందుకే ఆ మాట ఒంటికి జిడ్డులా పట్టుకుంది.

ఆ జిడ్డుతోనే నా ముందు రొట్టె విరిచాడు. పెద్ద రొట్టె, మధ్యలో పూల అచ్చు, వేడిగా, నువ్వులు అద్దినది, తన చేత్తో నాలుగు ముక్కలు చేసి అచ్చు పైకి ఉండేలా నా ముందు పెట్టాడు. ఉజ్‌గెన్‌లో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఒకరి రొట్టె నోట పెట్టుకున్నాక ఆ గుడ్డ ముందు కూర్చుని వాళ్ల పనిని చెడ్డది అనకూడదు, మా నాన్న ఒకసారి అలాగే ఎవరింట్లోనో ఒక ముక్క నమిలేసి, తర్వాత కుంటి గుర్రాన్ని మెచ్చుకుని కొనుక్కొచ్చాడు, అమ్మ ఆరు నెలలు ఆ గుర్రాన్ని తిట్టింది, నాన్నను తిట్టడం మర్యాద కాదు కనుక. నేను రొట్టె ముట్టలేదు. టీ పర్వాలేదు, టీ రొట్టె కిందికి రాదు. నా కప్పులో సగం సగం పోస్తూ, ముట్టని రొట్టెను ఓరకంట చూస్తూ, తుర్సునలీ నవ్వు తగ్గించకుండానే, ముందే తెచ్చి పెట్టాం, చల్లారిపోతోంది అన్నాడు. ఎవరికీ తొందర లేదు, దమ్ మీద ఉన్నదానికి మాత్రం తొందరపెట్టకూడదు అన్నాను నేను. అతను పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

అప్పుడు దిల్‌మురోద్, మేడం మీరింకా అసలుది చూడలేదు, అన్నిటికంటే ముందు అదే వస్తుంది, నెట్ నెమ్మదిగా ఉండి రాలేదు అని ఏదో నొక్కాడు. కొండలు, టై, రాలే ఆకులు అన్నీ పక్కకు తప్పుకుని ఒక్క బొమ్మ తెర నిండా పరుచుకుంది. నేను కప్పు దించాను. బాగుంది. నిజంగానే బాగుంది. ఈ చెత్త అంతటిలో ఒకే ఒక్క మంచి బొమ్మ, మంచిది అంటే నా పిల్లలకు గోడ మీద పెట్టి చూపించదగ్గంత మంచిది. మడి నిండా లేత ఆకుపచ్చ, అడుగున కదలని నీళ్లు, ఆకాశం ఒక సన్నని పట్టీగా పైన, మధ్యకు కొంచెం పక్కగా వంగి కలుపు తీస్తున్న ఒక మనిషి, మోకాళ్ల వరకూ నీళ్లలో, ఎర్ర గౌను. ఆ ఎరుపు ఆ పచ్చ మీద నిప్పు రాజుకున్నట్టు ఉంది. తీసినవాడు గట్టు మీద మోకాళ్లు ఆనించి బాగా కిందినుంచి తీశాడు, ఎక్కడ నిలబడాలో వాడికి తెలుసు. ఆ ఒక్క క్షణం నాకు దిల్‌మురోద్ మీద గౌరవం కలిగింది, ఇప్పటికీ ఆ క్షణాన్ని నా లోంచి తీసి అవతల పారేయాలని ఉంది.

తర్వాత ముఖం చూశాను. నడుము వంచి, చేయి నీళ్లలో పెట్టి, ఆ మనిషి మాత్రం తల తిప్పి మన వైపు పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. ముక్కూ మొహం తెలియని ఎవరో పిల్ల, పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు, కనుబొమలు దిద్దుకుంది, చెంపల మీద ఎండ అన్నదే పడలేదు. ముఖానికి వెలుగు ఎడమ నుంచి వస్తోంది, వీపు మీద ఎండ కుడి నుంచి పడుతోంది. ఒకే మనిషికి రెండు సూర్యులు. మెడ దగ్గర తలగుడ్డ ముడి సగంలో తెగిపోయి, గోధుమ రంగు మెడ మీద గులాబీ గడ్డం అతుక్కుని ఉంది. అతుకు, వేరే మనిషి తల. సరే, అలాంటి అతుకులు రోజూ చూస్తాను అనుకుంటూ కళ్లు కిందికి జారాయి, నీళ్లలోంచి కలుపు పీకుతున్నది ఎడమ చేయి. కుడి చేయి మోకాలి మీద. గౌను కుచ్చెళ్లు ఎడమ వైపుకే లాగి ముడేసి ఉన్నాయి. మా పొలాల్లో ఆడవాళ్లందరూ కుడి వైపు ముడేస్తారు, ఎడమ చేతివాటం ఉన్న ఒక్కతికి తప్ప, చిన్నప్పుడు అమ్మ ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేసి, రొట్టె కుడి చేత్తో విరవమని ఏడిపించేది, ఆ చేయి కట్టేసి ఉన్నన్నాళ్లూ నేనే దానికి జడలు అల్లాను, అది నా వీపు మీద తల ఆనించి, అక్కా ఇవాళ చేయి విప్పుతుందా అమ్మ అని అడిగేది.

గుమ్మంలో నీలి గౌను. తెర మీద ఎర్ర గౌను. మళ్లీ గుమ్మం, మళ్లీ తెర.

పోయిన కోతల తర్వాత షరోఫత్ మొగుడు సోబిర్ గట్టు మీద కూర్చుని టీ తాగుతూ తాగుతూ అలాగే పక్కకు ఒరిగిపోయాడు, గుండె అన్నారు, షరోఫత్ ముందు కప్పు తీసి నిలబెట్టిందట, టీ ఒలికిపోతుందని, ఆ తర్వాతే అతన్ని ముట్టుకుందట, ఆ సంగతి నాకు తనే చెప్పింది, ఎందుకలా చేశానో అక్కా అని చెప్పుకుని చెప్పుకుని ఏడ్చింది. ఆ రోజే ఆమె అత్తగారు నీలం తెచ్చి తొడిగింది. మాలో ఏడాది నీలమే, పొలానికీ నీలం, పడకకీ నీలం, ఏడాది నిండాక అత్తగారే బంధువులందరి ముందు తన చేత్తో తెలుపు తొడగాలి, అప్పటిదాకా మొగుడు ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. ఆ నీలం ఉతికి ఉతికి మోచేతుల దగ్గర బూడిద రంగులోకి తిరిగింది, పొద్దున మడి దగ్గర చూశాను. తెలుపు ఇంకా రాలేదు. ఎరుపు వచ్చేసింది.

ఎవరీమె అని అడిగాను. దిల్‌మురోద్ దాపరికం లేకుండానే చెప్పాడు.

“మీ చెల్లెలే కదా మేడం. ముందు నీలమే ఉండేది. నీలం ఆ పచ్చ మీద చచ్చిపోతోంది, ఎరుపు పెట్టగానే లేచి నిలబడింది.”

పొయ్యి దగ్గర నుంచి తుర్సునలీ అందుకున్నాడు. “పైగా దుఃఖపు రంగు ఎవరైనా గుమ్మంలో పెట్టుకుంటారా టీచరమ్మా? ముఖం కూడా నేనే మార్పించాను. మొగుడు పోయిన పిల్ల ముఖం ఊరందరి ఫోన్లలో తిరిగితే ఏం మర్యాద? మీ చెల్లెలి పరువు మాకు పరువు కాదా?”

మర్యాద చేశాడట. అతను అబద్ధం చెప్పడం లేదు, అదే ఎక్కువ వెగటుగా ఉంది, నిజంగానే తను ఒక ఆడదాని పరువు కాపాడాననుకుంటున్నాడు, ముఖం తీసేస్తే పరువు మిగులుతుందని, దుఃఖానికి రంగు వేస్తే అశుభం పోతుందని, నడుము వంచినంత మేర, చేయి నీళ్లలో మునిగినంత మేర మాత్రం మనిషి కావాలి, ఆ వంగిన నడుమును వేరే పిల్ల ముఖంతో నవ్వించాలి. దిల్‌మురోద్ అన్నదీ అబద్ధం కాదు. పచ్చ మీద నీలం చస్తుంది, ఎరుపు నిలుస్తుంది, ఏటేటా మొదటి వారంలో నేను పిల్లలకు చెప్పే పాఠమే అది. వాడు తప్పు చేసి ఉంటే తిట్టేదాన్ని. రంగు సరిగ్గా వేశాడు, తిట్టడానికి చోటే మిగల్చలేదు. ఎండుద్రాక్ష మీద ఈగలు వాలుతున్నాయి, పందిరి మీదినుంచి ఏదో రాలి టీలో పడింది, పలావు ఆవిరి తడిగుడ్డలోంచి సన్నగా తప్పించుకుని జీలకర్ర, కొవ్వు, ఎర్ర బియ్యం వాసన మోసుకొచ్చింది, ఇంతకుముందు ఆ వాసనకు నోరూరేది, ఇప్పుడు ఊపిరి బిగబట్టుకున్నాను.

కళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి, చెడ్డ అలవాటు, శవం దగ్గర కూర్చోబెట్టినా కప్పిన గుడ్డ అంచు సరిగ్గా ఉందా అని చూస్తాయి. అలా చూస్తూ చూస్తూ ఎర్ర గౌను కిందికి, మోకాళ్ల కిందికి, నీళ్లలోకి వెళ్లాయి. నీళ్లలో నీలం ఉంది. ఆకాశం అనుకున్నాను. ఆకాశం కాదు. బొమ్మను పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను, తర్వాత లాప్‌టాప్‌నే రెండు చేతులతో పట్టుకుని తలకిందులు చేశాను, దిల్‌మురోద్ అయ్యో మేడం అని చేతులు చాపాడు. తలకిందులు చేశాక కనపడింది. పైనున్న మనిషికి రంగు వేసినవాడు నీళ్లలో ఉన్న మనిషిని మర్చిపోయాడు. పైరు దుబ్బుల మధ్య, కదలని నీళ్లలో, మోచేతుల దగ్గర వెలిసిన నీలి గౌను, తలగుడ్డ ముడి మొత్తం, దాని మధ్య షరోఫత్ ముఖం. వంగి కిందికి చూస్తున్న ముఖం కనుక నీళ్లలో ఎదురుగా పడింది. నవ్వడం లేదు. ఏడవడమూ లేదు. పెదవి బిగించి, ఏది కలుపో ఏది పైరో వేరు చేసి చూసుకుంటోంది, సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా ఆ ముఖం అలాగే ఉంటుంది. ఆ ముఖం మీద పడుతున్నది వీపు మీది ఎండే. చాలాసేపటి తర్వాత మొదటిసారి ఊపిరి సరిగ్గా తీసుకున్నాను. పనికిరాదు అని చెప్పేస్తాను అనుకున్నాను. ఇప్పుడే చెప్పేస్తాను, ఈ రొట్టె వాళ్లనే తినమని, ఆ తెల్ల బియ్యం వాళ్లనే వండుకోమని.

ఏమైంది మేడం అంటున్న దిల్‌మురోద్‌ను ఏం లేదు, మెడ పట్టేసింది, పోయి మీ మామకు గుండిగ దించడంలో సాయం చెయ్యి అని పంపేశాను. అతను లేవడమే ఆలస్యం, షరోఫత్ టీ కూజాతో వచ్చింది, అంటే అప్పటిదాకా గుమ్మంలోంచి చూస్తూనే ఉందన్నమాట. గుడ్డ అంచున మోకాళ్ల మీద కూర్చుంది. కప్పు వైపు చూడలేదు, ముక్కలైన రొట్టె వైపు చూసింది.

“రొట్టె ముట్టలేదేం అక్కా?”

“ఆకలి లేదు.”

“నీ ఆకలి సంగతి నాకు తెలుసు. బాగాలేదని చెప్పబోతున్నావు కదూ.”

నేను లాప్‌టాప్ సరిగ్గా తిప్పి ఆమె ముందుకు జరిపాను. ఫోటో తీసిన సంగతి ఆమెకు తెలుసు, ముఖం మారుస్తామంటే సరే అందట, నా ముఖం ఎవరిక్కావాలి అనుకుందట, రంగు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదట. ఎర్ర గౌను వైపు చాలాసేపు చూసింది. ఒంటి మీది నీలాన్ని మోకాళ్ల మీదికి లాక్కుంది, ఎవరో చూస్తున్నట్టు. నేను గొంతు తగ్గించి, ఇది ఉండదు, మొత్తం పనికిరాదని చెప్పేస్తాను, ఎవడి మర్యాద వాడి దగ్గరే పెట్టుకోమంటాను, కనీసం గౌను మళ్లీ నీలం చేయిస్తాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“పైరు పొట్ట మీద ఉంది అక్కా. నీకది బొమ్మ, నాకు మడి. నువ్వు ఓష్ వెళ్లిపోతావు, నేను ఇతని కాలవ చివరే ఉండాలి.”

“నీకు ఎరుపు తొడిగారే.”

“నాకు కాదు, ఎవరో పిల్లకు తొడిగారు. నీలం చేశారంటే నేనేనని మా అత్తకు తెలిసిపోతుంది. ఎరుపే ఉండనీ.”

అని ఇంకా ఏదో అనబోయి ఆగిపోయింది. తెరకు దగ్గరగా వంగింది, తలకిందులు చేయాల్సిన పని ఆమెకు పడలేదు, నాలా పెద్దది చేసి చూడాల్సిన పనీ పడలేదు, కలుపు తీసేటప్పుడు రోజంతా కింద కనపడేది ఆ ముఖమే, అద్దంలో కంటే నీళ్లలోనే ఎక్కువసార్లు చూసుకుని ఉంటుంది. ఎడమ చేయి వేలితో నీళ్ల మీద తట్టింది.

“ఇదుగో, ఇక్కడ ఉండిపోయాను. ఇది ఎవరైనా చూస్తే నా బతుకేం కాను? పైన ఎరుపు, కింద నేను. తెలుపు కట్టకముందే ఎరుపు కట్టిందంటారు. ఇది తీసేయమని చెప్పక్కా.”

పొయ్యి దగ్గర గుండిగ మూత ఎత్తారు, ఆవిరి లేచింది, తుర్సునలీ బిస్మిల్లా అన్నాడు, గరిటె గుండిగకు తగిలి మోగింది. షరోఫత్ నా వైపే చూస్తోంది, చిన్నప్పుడు అమ్మ చేయి విప్పుతుందా అని అడిగినప్పుడు చూసినట్టు కాదు, ఆ చూపులో అడగడం లేదు, ఎవరి పని వాళ్లు చేయాలన్న మామూలు తొందర ఉంది. నీటి గురించి ఆలోచిస్తోంది. నేను వెలుగు ఎటునుంచి పడిందని ఆలోచిస్తున్నాను. నా చదువు, నా కళ్లు, ఎడమ నుంచి ఒక సూర్యుడు, కుడి నుంచి ఒక సూర్యుడు, ఇవన్నీ కలిపి ఆ నెర్రెలో ఒక చుక్క నీళ్లు పోయలేవు, తుర్సునలీ నోటి మాట పోయగలదు. అసహ్యం వేసింది, ఇంతకుముందులా వెబ్‌సైట్ మీద కాదు, తుర్సునలీ మీద కూడా కాదు, ఆమె చెప్పిందే సరైనదని నా బుర్ర ఇంత త్వరగా ఒప్పుకుంటున్నందుకు.

రొట్టె ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. చల్లారిపోయి గట్టిపడింది, ఎంత నమిలినా దిగలేదు, టీతో దించాను. పలావు పళ్లెం రెండు చేతులతో మోసుకొస్తున్న తుర్సునలీ అది చూశాడు, అతని ముఖం వెలిగిపోయింది. బాగుంది తుర్సునలీ అన్నా, సంతకు పెట్టుకోండి, ఒకే ఒక లోపం ఉంది, మీ మేనల్లుడు నీళ్లలో నీడను మర్చిపోయాడు, అది కూడా దిద్దితే ఎవరూ వంక పెట్టలేరు అన్నాను. దిల్‌మురోద్ నాలుక కరుచుకున్నాడు, అబ్బ, మేడం కన్నంటే కన్ను అన్నాడు, గబగబా వచ్చి కూర్చుని నొక్కడం మొదలుపెట్టాడు. తుర్సునలీ పళ్లెం దించి, ఎవరినో కేకేసి, పైతూము దించేయ్, కొస పొలాలకు వదులు, ఇవాళ్టి నుంచి మూడు రోజులు వదులు అని చెప్పాడు. అంతే. ఇన్ని రోజులుగా కుదరనిది అంత మాత్రంలో కుదిరిపోయింది.

నీళ్లలో ముందు నీలం పోయింది, ఎరుపు వచ్చింది. తర్వాత ముఖం. దిల్‌మురోద్ దాని మీద మడి బురద రంగు కొంచెం కొంచెంగా పులిమాడు, నుదురు పోయింది, బిగించిన పెదవి పోయింది, కళ్లు చివర్న పోయాయి. షరోఫత్ మోకాళ్ల మీదే ముందుకు జరిగి, బట్ట మీద మరక వదిలిందా లేదా అని చూసినంత శ్రద్ధగా చూస్తోంది. అయిపోయిందని అతను చేతులు ఎత్తాక కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు. నా మోచేయి పట్టుకుంది.

“నీ కళ్లు మంచివి అక్కా. ఇంకా ఎక్కడైనా ఉన్నానేమో బాగా చూడు.”

చూశాను. పై అంచు నుంచి కింది అంచు వరకూ, పిల్లల బొమ్మలు చూసినట్టే, ఎక్కడా తొందరపడకుండా చూశాను. వంగిన ఆ నడుము షరోఫత్‌దే. నీళ్లలో తెల్లగా నానిపోయిన ఆ పాదాలు షరోఫత్‌వే. ఎడమ వైపుకు లాగి వేసిన ముడి, కలుపు దుబ్బును మొదలంటా పట్టుకున్న ఆ ఎడమ చేయి, దాని మీద ఉబ్బిన నరం, అన్నీ ఆమెవే.

“నువ్వు లేవమ్మా. ఎక్కడా లేవు” అన్నాను.

ఆమె ముఖం విచ్చుకుంది. సోబిర్ పోయాక ఆ ముఖంలో అంత సంతోషం చూడటం నాకు అదే మొదటిసారి.